ఇంటి డెస్క్‌టాప్ ఎంపిక: కొత్తగా కూర్చుకోవడమా, ఆఫీసులో వాడినది తెచ్చుకోవడమా, మినీ పీసీతో సరిపెట్టుకోవడమా?

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా కంప్యూటర్ షాపులో కొటేషన్ అడిగితే చీటీ మీద మొదట రాసేది ప్రాసెసర్ పేరు, ఆ తరువాత ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ ఎంత అన్నది. కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ దగ్గరకు వచ్చేసరికి కంపెనీ పేరు కూడా లేకుండా ‘450 వాట్లు’ అని రాసి ఊరుకుంటారు. కొన్ని చీటీల్లో అది కేబినెట్‌తో కలిసి ఒకే వరుసలో సర్దుకుంటుంది. కొనేవారు కూడా రెండు మూడు చీటీలను పక్కపక్కన పెట్టుకుని ప్రాసెసర్‌నీ, చివరి మొత్తాన్నీ పోల్చి నిర్ణయానికి వస్తారు. ఈ వ్యాసం ఆ వరుసను తిరగేసి, ‘ఇది పాడైనప్పుడు తప్పు ఎక్కడుందో ఇంట్లోనే పట్టుకోగలమా, ఆ భాగం ఎంత దూరంలో దొరుకుతుంది’ అన్న ప్రశ్నను ముందుకు తెస్తుంది. ఎండ, ఉప్పుగాలి, తుపాను రోజుల కరెంటు ఉన్న జిల్లాల్లో వేగం కంటే ఈ ప్రశ్నకే ఎక్కువ విలువ ఇవ్వాలన్నది నా అభిప్రాయం.

పోల్చదగిన దారులు నాలుగు. ఒకటి, ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న కొత్త అసెంబుల్డ్ కంప్యూటర్. రెండు, విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టిన కొత్తది. మూడు, కంపెనీల ఆఫీసుల్లో కొన్నేళ్లు వాడి తీసేసిన డెల్, హెచ్‌పీ, లెనోవో డెస్క్‌టాప్. నాలుగు, మానిటర్ వెనుక తగిలించుకోగలిగినంత చిన్న మినీ పీసీ. ల్యాప్‌టాప్‌ల సంగతి ఇక్కడ ఎత్తడం లేదు. ధరలు కూడా రాయడం లేదు. 2025 చివరి నుంచి మెమరీ ధరలు ఎగబాకిన తీరు చూస్తే ఈ వారం కొటేషన్ వచ్చే వారానికి నిలుస్తుందన్న నమ్మకం లేదు.

ముందుగా తేల్చుకోవలసినవి

అన్నింటికంటే ముందు కరెంటు. మనకు ఇంటికి వచ్చేది 230 వోల్టులు అని లెక్క. అయితే లైను చివరన ఉన్న ఇళ్లలో, ముఖ్యంగా ఏసీలూ మోటార్లూ ఒకేసారి లాగే వేసవి రాత్రుల్లో, ట్యూబులైటు మినుకుమినుకుమనేంతగా వోల్టేజీ పడిపోవడం కొత్త కాదు. ఎస్‌ఎంపీఎస్ పక్కన అతికించిన చీటీలో ఇన్‌పుట్ ‘100–240’ అని ఉంటే అది ఈ తగ్గుదలను తట్టుకుంటుంది. ‘200–240’ అని ఉన్న చవక రకాలు అలాంటి రాత్రుల్లోనే కంప్యూటర్‌ను ఉన్నట్టుండి రీస్టార్ట్ చేస్తాయి. అదే చీటీలో చూడవలసిన రెండో అంకె 12 వోల్టుల గడిలోని యాంపియర్లు. ఇప్పటి కంప్యూటర్లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ కరెంటు తీసుకునేది ఈ 12 వోల్టుల లైను నుంచే కాబట్టి ఆ యాంపియర్లను 12తో గుణిస్తే అసలు సత్తా తెలుస్తుంది. పైన ‘450 వాట్లు’ అని పెద్ద అక్షరాలతో ఉండి, 12 వోల్టుల దగ్గర 16 యాంపియర్లు మాత్రమే ఉంటే, నిజంగా పనికొచ్చేది 192 వాట్లు. ‘80 ప్లస్ బ్రాంజ్’ గుర్తు సగం లోడు దగ్గర కనీసం 85 శాతం సామర్థ్యం ఉందని చెబుతుంది. పిడుగును ఆపుతుందని చెప్పదు. అయినా ఆ గుర్తు ఉన్నవాటిలో ఇలాంటి అంకెల గారడీ తక్కువ కాబట్టి దానిని కనీస అర్హతగా పెట్టుకోవచ్చు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ ఎందుకు అని చాలామంది అడుగుతారు. కరెంటు పోయిన క్షణానికీ ఇన్వర్టర్ అందుకునే క్షణానికీ మధ్య ఉండే ఎడమే దీనికి జవాబు. మంచి ఎస్‌ఎంపీఎస్ కరెంటు లేకుండా సుమారు 16 మిల్లీసెకన్లు నెట్టుకురాగలదు. ఇన్వర్టర్ వెనుక ఉండే స్విచ్చి ‘యూపీఎస్’ వైపు ఉంటే ఆ ఎడం సాధారణంగా 10 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది. ఫ్యాన్లకూ లైట్లకూ ఉద్దేశించిన మామూలు మోడ్‌లో అంతకు మూడు నాలుగింతలు ఉండవచ్చు, అప్పుడు ఫ్యాన్ ఆగకపోయినా కంప్యూటర్ ఆగిపోతుంది. ఆ స్విచ్చి ఒకటి ఉందన్న సంగతే ఎన్నో ఇళ్లలో తెలియదు. ఇన్వర్టర్ ప్యూర్ సైన్‌వేవ్ రకమై (లైను కరెంటులాగే నునుపైన అలనిచ్చేదై), యూపీఎస్ మోడ్‌లో ఉంటే, చిన్న కంప్యూటర్‌కు విడిగా యూపీఎస్ లేకున్నా గడిచిపోతుంది. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ అయితే, యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సమంగా లాగే ఏర్పాటు) ఉన్న మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కూడా దానితో సరిగా కుదరక ఆగిపోవచ్చు. యూపీఎస్ కొనేటప్పుడు 600 వీఏ అంటే 600 వాట్లు కాదని, చాలా మోడళ్లలో 360 వాట్లేనని గుర్తుంచుకోవాలి.

కరెంటు సంగతిలోనే మరొకటి ఎర్త్. చెప్పులు లేకుండా నిలబడి కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటే, ఎస్‌ఎంపీఎస్ పాడైందని మార్చనక్కరలేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల, ఎర్త్ లేనప్పుడు కేబినెట్ మీద సరఫరా వోల్టేజీలో సగం దాకా కనిపిస్తుంది; దాని వెనుక ఉండే కరెంటు అతి స్వల్పం. అది ఆ ప్లగ్గుకు ఎర్త్ లేదని చెప్పే గుర్తు. మార్కాపురం, కనిగిరి వైపు రాతినేలలు ఎండినప్పుడు ఎర్త్ గుంత ఉన్నా పనిచేయనట్టే అవుతుంది. వేసవిలో అందులో నీళ్లు పోయించడం కంప్యూటర్‌కు చేయగల చవకైన సేవ.

రెండోది గాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుతో కూడిన తేమ ర్యామ్ అంచులనూ, కేబుల్ పిన్నులనూ, బోర్డు మీది సన్నని రాగి దారులనూ నెమ్మదిగా తింటుంది. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ పొడి, పలకల ఊరైన మార్కాపురంలో రాతి పొడి, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య పేరుకుని గాలిని అడ్డుకుంటాయి. రోహిణి కార్తెలో గదే 38, 40 డిగ్రీలకు చేరినప్పుడు, శీతాకాలంలో 70 డిగ్రీల దగ్గర నడిచిన ప్రాసెసర్‌కు పరిమితి చాలా దగ్గరలోకి వచ్చేస్తుంది. ఏఎండీ రైజెన్ 5 5600జీకి ఆ పరిమితి 95 డిగ్రీలు, ఇంటెల్ కోర్ ఐ3-12100కు 100.

మూడోది దూరం. మామూలు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్ జిల్లా కేంద్రంలో దొరుకుతాయి. బోర్డు, గ్రాఫిక్స్ కార్డు వారంటీ వ్యవహారం చాలాసార్లు నెల్లూరు వారిని చెన్నైకి, ఒంగోలు వారిని విజయవాడకు పంపుతుంది. ఏ కంపెనీ బోర్డు కొనాలన్న ప్రశ్నకు నా మటుకు మొదటి గీటురాయి, దాని సర్వీస్ సెంటర్ మనకు పోయిరాదగిన దూరంలో ఉందా అన్నదే. కంపెనీ వెబ్‌సైటులో ఊరు లేదా పిన్‌కోడు కొట్టి కొనకముందే చూసుకోవచ్చు. జీఎస్టీ బిల్లు లేకుండా కొంత తగ్గిస్తామన్న మాటకు లొంగితే, వారంటీ అడిగే రోజున చూపడానికి చేతిలో కాగితం ఉండదు.

నాలుగోది సాఫ్ట్‌వేర్ ఆయుష్షు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఏఎండీలో రైజెన్ 2000 వరుస నుంచి ఉన్న ప్రాసెసర్ కావాలి. సెకండ్ హ్యాండ్ బజారు మొత్తాన్ని ఈ ఒక్క గీత రెండుగా చీల్చింది.

ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న కొత్త అసెంబుల్డ్

చదువు, ఆన్‌లైన్ తరగతులు, ట్యాలీ, ప్రోగ్రామింగ్, సినిమాలు, కొద్దిపాటి ఫొటో పని చేసే ఇళ్లలో ఎక్కువ వాటికి ఇదే సరిపోతుంది. ఇందులో తేల్చుకోవలసిన అసలు చిక్కు సాకెట్ దగ్గర, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు దగ్గర ఉంది. ఏఎండీ ఏఎం4 సాకెట్ మీద రైజెన్ 5 5600జీ 2021లో వచ్చిన ప్రాసెసర్; ఆరు కోర్లు, 65 వాట్లు, డీడీఆర్4 మెమరీ. దాని గ్రాఫిక్స్ ఇంటెల్ ఐ3-12100, ఐ5-12400లలోని యూహెచ్‌డీ 730 కంటే బలమైనది. పిల్లలు అప్పుడప్పుడూ ఆడే తేలిక ఆటలకు పనికొస్తుంది. ఆ ఇంటెల్ ప్రాసెసర్లు కూర్చునే ఎల్‌జీఏ1700 బోర్డుల్లో డీడీఆర్4వీ ఉన్నాయి, తరువాతి తరం మెమరీ అయిన డీడీఆర్5వీ ఉన్నాయి. ఒకదాని ర్యామ్ మరొకదానిలో ఎక్కదు కాబట్టి కొటేషన్‌లో బోర్డు పూర్తి పేరు చూడాలి. ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, డీడీఆర్5 తప్ప మరొకటి తీసుకోదు. 2027 దాకా దానిని కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. రైజెన్ 5 8600జీ ఈ సాకెట్‌దే, ఈ మూడు రకాల్లో గ్రాఫిక్స్ బాగా ఉన్నదీ ఇదే.

మూడు నాలుగేళ్ల తరువాత ప్రాసెసర్ ఒక్కటి మార్చుకోవాలన్న ఆలోచన నిజంగా ఉన్నవారికి ఏఎం5 న్యాయమైనది. అయితే ఇంటి కంప్యూటర్ కొన్నవారిలో ఎంతమంది ప్రాసెసర్ మార్చారో మీ చుట్టాల్లోనే లెక్క వేసి చూడండి. మార్చని వారికి ఏఎం4 లేదా డీడీఆర్4 ఇంటెల్ బోర్డు చాలు. ఇంట్లో పాత డీడీఆర్4 ర్యామ్ పడి ఉంటే, మెమరీ ధరలు ఇలా ఉన్న కాలంలో, చర్చే అక్కరలేదు.

ర్యామ్‌ను 16 జీబీ ఒకే స్టిక్‌గా కాకుండా 8 జీబీవి రెండుగా తీసుకోవాలి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ఇదే మెమరీని వాడుకుంటుంది కాబట్టి రెండు ఛానెళ్లు ఉన్నప్పుడు ఆటల్లో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. దానితో సమానమైన రెండో లాభం, డిస్‌ప్లే రానప్పుడు ఒక స్టిక్ తీసి మరొకదానితో పరీక్షించే వీలు. బోర్డు ఎంచుకునేటప్పుడు కూడా ఇలాంటి వీలే చూడాలి. సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉన్న బోర్డు, తప్పు ఎక్కడ ఆగిందో తానే చూపిస్తుంది. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ (కంప్యూటర్ వేయగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) మార్చుకునే బటన్ ఉంటే, కొత్త ప్రాసెసర్‌ను పాత బోర్డు గుర్తించలేదన్న చిక్కులో ఊరు దాటకుండా బయటపడవచ్చు. రంగురంగుల లైట్లకు పెట్టే అదనపు సొమ్మును ఈ రెండింటికి మళ్లించడం మేలు.

ఈ వర్గంలోనే ఒక మోసం గురించి చెప్పాలి. ‘ఐ5, 8 జీబీ, 500 జీబీ, కొత్త కంప్యూటర్’ అని ఆశ్చర్యపోయేంత చవకగా అమ్మే పెట్టెల్లో చాలావాటిలో ఉండేది మూడో తరం ఐ5, అంటే 2012 నాటి ప్రాసెసర్. దాని కింద, ఆ కాలపు ప్రాసెసర్లకు సరిపోయేలా కొత్తగా తయారైన హెచ్61 బోర్డు ఉంటుంది కాబట్టి పెట్టె కొత్తగానే కనిపిస్తుంది. ఐ5 అన్న పేరు ఏమీ చెప్పదు, దాని పక్కన ఉండే నాలుగైదు అంకెలే చెబుతాయి. నేటి ఐ3-12100 ఆ ఐ5ను అన్ని పనుల్లోనూ దాటిపోతుంది. విండోస్ 11 అర్హత అయితే ఆ పాతదానికి అసలే లేదు.

గ్రాఫిక్స్ కార్డుతో కొత్తది

వీడియో ఎడిటింగ్, త్రీడీ డిజైన్, పెద్ద ఆటలు, ఇంట్లో నడిపే ఏఐ మోడళ్లు: వీటిలో ఏదో ఒకటి వారంలో చాలా రోజులు చేసేవారికి తప్ప ఈ దారి వద్దు. కార్డు ధర ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే మోసపోతాం. దానితోపాటు ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్, కేబినెట్ గాలి మార్గం అన్నీ పెరగాలి. ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డు 70 వాట్లతో, విడిగా పవర్ కేబుల్ లేకుండా, బోర్డు స్లాటు ఇచ్చే 75 వాట్లలోనే నడిచిపోతుంది. ఆర్‌టీఎక్స్ 4060కు 115 వాట్లు, ఆర్‌టీఎక్స్ 3060కు 170 వాట్లు కావాలి. ఈ రెండింటికీ పవర్ కేబుల్, పేరున్న 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్, కనీసం 1000 వీఏ యూపీఎస్ పెట్టుకోవాలి. 600 వీఏ యూపీఎస్ మీద ఆట మధ్యలో కరెంటు పోతే, యూపీఎస్ కూయడమూ కంప్యూటర్ ఆరిపోవడమూ ఒకేసారి జరుగుతాయి.

ఈ దారిలో ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ రకాలను షాపువారు కాస్త తక్కువకు ఇస్తామంటారు. ఎఫ్ అంటే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేదు. ఏఎం4లో, పేరు చివర గ్రాఫిక్స్‌ను సూచించే జీ లేని రైజెన్ 5 5600 కూడా అంతే. కార్డు పోయిన రోజున, లేదా వారంటీ కోసం కార్డును చెన్నైకి పంపి ఎదురుచూసే వారాలలో, ఆ కంప్యూటర్ తెర చూపించదు. కార్డే పోయిందా మరేదైనానా అని తేల్చుకోవడానికీ దారి ఉండదు. చెన్నైలో కంప్యూటర్ భాగాల బజారైన రిచీ స్ట్రీట్‌కు నడిచి వెళ్లగలిగేవారు ఎఫ్ తీసుకోవచ్చు. దర్శిలోనో ఉదయగిరిలోనో ఉండేవారు ఆ కొద్దిపాటి తేడా పెట్టి గ్రాఫిక్స్ ఉన్నదే తీసుకోవాలి. ఏఎం5లో రైజెన్ 7000 వరుస ప్రాసెసర్లలో, ఎఫ్ రకాలు మినహా, తెర చూపడానికి సరిపడే చిన్న గ్రాఫిక్స్ ఎలాగూ ఉంటుంది.

పాత ప్రాసెసర్ల విషయంలో ఒక జాగ్రత్త. ఇంటెల్ 13, 14 తరాల్లోని పెద్ద ఐ7, ఐ9 రకాలు అధిక వోల్టేజీ వల్ల కాలక్రమంలో అస్థిరమయ్యే లోపాన్ని ఇంటెల్ 2024లో ఒప్పుకుని, బయోస్ ద్వారా సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను ఆ సవరణ బాగుచేయదు. అందువల్ల బిల్లు లేని పాత ఐ9ను బయట కొనడం కంటే కొత్త ఐ5 నయం.

ఆఫీసుల్లో వాడిన బ్రాండెడ్ డెస్క్‌టాప్

డబ్బుకు తగిన విలువ ఎక్కడ ఎక్కువ అని అడిగితే నా జవాబు ఇదే, ఒక షరతు మీద: ఎనిమిదో తరం లేదా ఆపైది కావాలి. డెల్ ఆప్టిప్లెక్స్ 3060, 7060, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ4, లెనోవో థింక్‌సెంటర్ ఎం720 ఆ తరానివి. ఆరు, ఏడు తరాల పెట్టెలు ఇంకా చవకగా వస్తాయి. లైనక్స్ వేసుకుని వాడేవారికి అవి బాగానే ఉంటాయి, విండోస్ మీద ట్యాలీ నడిపి బ్యాంకు పనులు చేసుకునే ఇంటికి మాత్రం వద్దు.

ఈ పెట్టెలను సంవత్సరాల తరబడి నడపడానికే తయారు చేస్తారు కాబట్టి ఎస్‌ఎంపీఎస్, బోర్డు రెండూ చవక అసెంబుల్డ్ వాటికంటే దృఢంగా ఉంటాయి. తప్పు చెప్పే ఏర్పాటు కూడా వీటిలోనే బాగుంటుంది: ఆప్టిప్లెక్స్ పవర్ బటన్ నారింజ రంగులో మెరిసే లెక్కను బట్టి ర్యామా, బోర్డా అని తెలుస్తుంది; ఎఫ్12 నొక్కితే లోపలే ఉన్న పరీక్షల ప్రోగ్రామ్ నడుస్తుంది; చాలా ఆప్టిప్లెక్స్‌ల ఎస్‌ఎంపీఎస్ వెనుక చిన్న బటన్ నొక్కితే లైటు వెలగడాన్ని బట్టి అది బాగుందో లేదో తేలిపోతుంది.

లోటు ఏమిటంటే, వీటి ఎస్‌ఎంపీఎస్ కనెక్టర్లు, బోర్డు కొలతలు ఆ కంపెనీకే ప్రత్యేకం. ట్రంకు రోడ్డు మీది షాపులో దొరికే మామూలు 24 పిన్నుల ఎస్‌ఎంపీఎస్ నేరుగా ఎక్కదు. అడాప్టర్ కేబుల్ ఆన్‌లైన్‌లో తెప్పించాలి, సన్నని కేబినెట్ అయితే కొలత కూడా పట్టదు. అందుకే సన్నని రకం కంటే టవర్ రకం తీసుకోవాలి. టవర్‌లో 70 వాట్ల గ్రాఫిక్స్ కార్డు తరువాత పెట్టుకునే వీలు కూడా ఉంటుంది. సన్నని రకానికి సగం ఎత్తు కార్డే కావాలి.

కొనేటప్పుడు షాపులోనే చేయవలసిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. డెల్‌కు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, లెనోవోకు ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి వెళ్లి, పాస్‌వర్డ్ అడిగితే ఆ పెట్టెను అక్కడే వదిలేయాలి. పాత ఆఫీసు పెట్టిన ఆ తాళం తీయించడం మన పని కాకూడదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఎస్‌ఎస్‌డీ ఎంత అరిగిందో చూడాలి. మూత తీయించి హీట్‌సింక్ కిందికి, బోర్డు మూలలకు పచ్చటి చిలుము కోసం చూడాలి. తీరపు ఊరిలో వాడిన పెట్టె అయితే అది అక్కడే కనిపిస్తుంది.

మినీ పీసీ

ఇందులో రెండు జాతులు ఉన్నాయి. ఇంటెల్ ఎన్100 లాంటి 6 వాట్ల ప్రాసెసర్‌తో కొత్తగా వచ్చేవి ఒకటి. ఆప్టిప్లెక్స్ మైక్రో, థింక్‌సెంటర్ టైనీ లాంటి ఆఫీసు రకాలు రెండోవి. రెండోవాటిలో సాధారణంగా 35 వాట్ల అసలు డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఉంటుంది, ర్యామ్ మాత్రం ల్యాప్‌టాప్ రకం. ఎన్100 ఒకే ఛానెల్ మెమరీ మీద నడుస్తుంది. బ్రౌజర్, వర్డ్, సినిమా, చెరువు దగ్గరి కెమెరాలు చూసుకోవడం దాటి దానిని బరువు పనులకు అడగకూడదు.

కరెంటు ప్రమాణం మీద మాత్రం మినీ పీసీని మించినది లేదు. పనిలో ఉన్నప్పుడు కూడా పదుల వాట్లతో సరిపెట్టుకుంటుంది కాబట్టి 600 వీఏ యూపీఎస్ మీద మిగతావాటికంటే ఎంతో ఎక్కువసేపు నిలుస్తుంది. తుపాను రోజుల్లో ఇన్వర్టర్ బ్యాటరీని తినేయదు. కరెంటు తేడాలకు మొదట దెబ్బతినేది బయట ఉండే అడాప్టర్, దానిని మార్చడం తేలిక. లెనోవో టైనీ అడాప్టర్ వారి ల్యాప్‌టాప్ అడాప్టరే కాబట్టి ఏ ఊరిలోనైనా దొరకవచ్చు. అడాప్టర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మార్చి చూశాక కూడా పలకకపోతే ఇక మిగిలేది బోర్డు ఒక్కటే. ఎన్100 రకాల్లో ప్రాసెసర్ బోర్డుకే అతికి ఉంటుంది, పేరు వినని కంపెనీ అయితే దానికి విడి బోర్డు దొరకదు. చిన్న ఫ్యాన్, ఇరుకు పెట్టె కాబట్టి గ్రానైట్ పొడి ఉన్న చోట దీనికి తరచుగా శుభ్రం అవసరం.

| చూడవలసినది | కొత్తది, గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే | కొత్తది, కార్డుతో | ఆఫీసు డెస్క్‌టాప్ | మినీ పీసీ |
|---|---|---|---|---|
| వోల్టేజీ తగ్గుదల | ఎస్‌ఎంపీఎస్‌ను బట్టి | ఎస్‌ఎంపీఎస్ తప్పక మంచిదే కావాలి | బాగా తట్టుకుంటుంది | చాలా బాగా |
| కావలసిన యూపీఎస్ | 600 వీఏ | 1000 వీఏ, ఆపైన | 600 వీఏ | 600 వీఏ, లేదా సైన్‌వేవ్ ఇన్వర్టర్ చాలు |
| ఎండలు, దుమ్ము | పర్వాలేదు | గది చల్లగా ఉండాలి | పర్వాలేదు | తరచు శుభ్రం చేయాలి |
| ఇంట్లో తప్పు పట్టడం | సులభం | ఎఫ్ రకమైతే కష్టం | అన్నిటికంటే సులభం | కొంతవరకే |
| భాగాలు దొరకడం | జిల్లా కేంద్రంలో | కార్డు వారంటీ దూరం | ఎస్‌ఎంపీఎస్, బోర్డు ఆన్‌లైన్‌లో | అడాప్టర్ సులభం, బోర్డు కష్టం |
| ముందుముందు పెంచుకోవడం | బాగుంటుంది | అన్నిటికంటే బాగు | టవర్ అయితే కొంత | దాదాపు లేదు |

ఎవరికి ఏది

ఇంజినీరింగ్‌లో చేరిన పిల్లలకు, కాలేజీ హాస్టల్లో కాకుండా ఇంటి నుంచి వెళ్లివచ్చేవారైతే, ఎనిమిదో తరం ఆఫీసు టవర్‌లో 16 జీబీ ర్యామ్, కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టించి ఇవ్వడం నేను మొదట సూచించే దారి. మిగిలిన డబ్బు మంచి మానిటర్‌కు పోనివ్వాలి. కంప్యూటర్ ఆగితే ఆ రోజు ఆదాయం ఆగిపోయే ఇంటి పనివారికి, అంటే ట్యాలీ లెక్కలు రాసేవారికి, డీటీపీ చేసేవారికి, కొత్త అసెంబుల్డ్ మేలు. వారంటీ ఉంటుంది, ఏ భాగం పోయినా సాయంత్రానికి మరొకటి వేయించవచ్చు.

పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఫొటో స్టూడియో వారి పరిస్థితి వేరు. ఫొటోల పని మటుకైతే కార్డు కంటే 32 జీబీ ర్యామ్, వేగమైన ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఎక్కువ తేడా చూపిస్తాయి. పాత పద్ధతి అయిన సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ దగ్గర ఆగితే, మూడో తరం ఎన్‌వీఎంఈ 3,500 దాకా వెళుతుంది. పెళ్లి వీడియోలు కూడా వారే కూర్చేవారైతే అప్పుడే కార్డుకు వెళ్లాలి. ఆటల కోసం పట్టుబట్టే పదో తరగతి పిల్లాడి ఇంట్లో, ముందు 5600జీతో లేదా 8600జీతో మొదలుపెట్టి, ఎస్‌ఎంపీఎస్ మాత్రం 550 వాట్లది వేయించి, కార్డును పరీక్షల తరువాతికి వాయిదా వేయడం ఇంటిల్లిపాదికీ కుదిరే ఒప్పందం.

తీరపు పల్లెలో, రొయ్యల చెరువుల దగ్గర ఇల్లు ఉన్నవారికి ఆఫీసు రకపు మినీ పీసీని సూచిస్తాను. పెట్టె చిన్నది కాబట్టి, వాడనప్పుడు పూర్తిగా చల్లారనిచ్చి మూసిన అలమరలో పెట్టుకోవచ్చు. ఉప్పుగాలికి బార్లా తెరుచుకుని ఉండే పెద్ద కేబినెట్‌కు ఆ వీలు లేదు.

పాడైనప్పుడు తప్పు పట్టే వరుస

అసలు ప్రాణం లేదు, ఫ్యాన్ కూడా తిరగదు అంటే, ముందు యూపీఎస్‌ను పక్కన పెట్టి గోడ ప్లగ్గుకే నేరుగా తగిలించాలి. అప్పటికీ కదలకపోతే, అసెంబుల్డ్ పెట్టెలో 24 పిన్నుల కనెక్టర్‌ను బోర్డు నుంచి తీసి, ఆకుపచ్చ తీగ రంధ్రాన్నీ ఏదైనా నల్ల తీగ రంధ్రాన్నీ చిన్న తీగతో కలిపితే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరగాలి. తీగ పెట్టేటప్పుడు వెనుక స్విచ్చి ఆపి ఉండాలి. తిరిగితే అది బతికి ఉందనే గాని బాగుందని కాదు. మల్టీమీటర్‌తో పసుపు తీగ దగ్గర 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉందేమో చూడాలి. ఎస్‌ఎంపీఎస్ మూత మాత్రం ఎవరూ విప్పకూడదు, ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది.

ఫ్యాన్లు తిరుగుతున్నా తెర నల్లగా ఉంటే, కేబుల్ ఎక్కడ ఉందో చూడాలి. కార్డు ఉన్న పెట్టెలో మానిటర్ కేబుల్‌ను బోర్డుకు తగిలించి కంగారుపడేవారు చాలామంది. ఆ తరువాత అనుమానించవలసింది ర్యామ్‌నే, తీరంలో అయితే మరీను. కరెంటు తీసేసి, స్టిక్‌ను బయటికి తీసి, బంగారు పూత అంచులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక్కటే స్టిక్‌ను ప్రాసెసర్ నుంచి లెక్కిస్తే రెండో స్లాటులో నొక్కి పెట్టి చూడాలి. పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు ఉన్నవారు బోర్డుకు దూరంగా, మెల్లగా రుద్దాలి. ఆ పొట్టు స్లాటులో పడితే కొత్త చిక్కు వస్తుంది. డీడీఆర్5 ఉన్న కొత్త ఏఎం5 కంప్యూటర్ మొదటిసారి వేసినప్పుడు మెమరీని సరిచూసుకుంటూ కొన్ని నిమిషాలు తెర చూపకపోవడం సహజం. అప్పుడు స్విచ్చి ఆపి ఆపి వేయకూడదు.

మధ్యాహ్నం మాత్రమే నెమ్మదించి, రాత్రి బాగా నడిస్తే అది వేడి. హీట్‌సింక్ దులిపి, థర్మల్ పేస్టు మార్చాలి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. గడియారం ప్రతిసారీ పాత తేదీకి పోయి, బ్యాంకు వెబ్‌సైట్లు భద్రత లేదని మొరాయిస్తుంటే, బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది.

ఉరుములతో కూడిన వాన తరువాత ఇంటర్నెట్ ఒక్కటే రాకుండా పోయిందా, బోర్డు మీది లాన్ పోర్టు దెబ్బతిన్నదేమో చూడాలి. ఇంటి బయటి నుంచి వచ్చే రాగి లాన్ తీగ పిడుగు ప్రభావాన్ని లోపలికి తెస్తుంది. ఫైబర్ తీగ అలా తేదు గాని, ఫైబర్ పెట్టె నుంచి మేడ మీదికి లాగిన తీగ తేగలదు. ఈశాన్య రుతుపవనాల నెలల్లో కరెంటు ప్లగ్గుతోపాటు దానిని కూడా ఊడదీయాలి. పోయింది పోర్టు ఒక్కటే అయితే, యూఎస్‌బీ లాన్ అడాప్టర్‌తో ఆ కంప్యూటర్ ఇంకా ఏళ్ల తరబడి నడుస్తుంది.

వేళాపాళా లేకుండా రీస్టార్ట్ అవుతుంటే, మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి ఒక రాత్రి నడిపి ర్యామ్‌ను తేల్చుకోవాలి. తప్పు దొరకకపోతే లైనక్స్‌ను పెన్‌డ్రైవ్ మీది నుంచే తెరిచి కొన్ని గంటలు వాడాలి. అందులోనూ రీస్టార్ట్ అయితే విండోస్‌ను తిట్టి ప్రయోజనం లేదు, తప్పు భాగాల్లోనే ఉంది. అప్పుడు షాపుకు తీసుకువెళితే బోర్డు పోయిందన్న మాట వినిపించే అవకాశం ఎక్కువ. ఒప్పుకునే ముందు, తెలిసిన మంచి ఎస్‌ఎంపీఎస్‌ను తగిలించి ఎదురుగా అరగంట నడిపి చూపమని అడగాలి. ఆ పరీక్ష చేయకుండా బోర్డు మార్చే షాపులో బోర్డు మార్పించకూడదు.